అమ్మకు ఛాతీలో మళ్లీ గడ్డ, రోబో సర్జరీ చేయించొచ్చా?

కావలి నుంచి:
అమ్మకు 58 ఏళ్లు. 2019లో థైమోమా (రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథిలో వచ్చే గడ్డ) అని రొమ్ము ఎముక కోసి తీశారు. ఇప్పుడు సీటీలో పాత చోటే ఒకటి, ఊపిరితిత్తి పైపొర మీద రెండు చిన్నవి కనిపించాయి. నెల్లూరులో చూపిస్తే మళ్లీ ఓపెన్ చేయాలన్నారు, చెన్నైలో ఇంకో డాక్టర్ రోబోతో ప్రయత్నిద్దామన్నారు. ఎముక మళ్లీ కోస్తారంటేనే అమ్మ ఏడుస్తోంది. ఎవరైనా చేయించుకున్నారా?

నెల్లూరు ఓటీ నర్సు:
అమ్మా, ముందు టెన్షన్ పడకు. థైమోమా తిరగబెడితే ఎక్కువగా ఆ పైపొర మీదే వస్తుంది, మొత్తం తీయగలిగితే మంచి ఫలితమే ఉంటుంది. రోబో దానంతటదే కోయదు, పక్కనే కన్సోల్ దగ్గర కూర్చున్న సర్జనే దాని చేతులు ఆడిస్తాడు, పక్కటెముకల మధ్య 8 మిల్లీమీటర్ల రంధ్రాలు చాలు, లోపలంతా పెద్దదిగా త్రీడీలో కనిపిస్తుంది. చిక్కల్లా పాత ఆపరేషన్‌తోనే, లోపల ఊపిరితిత్తి, గుండె పొర, రక్తనాళాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. గుండె పొర మీదుగా సన్నటి దారంలా ఫ్రెనిక్ నరం కిందకి దిగుతుంది, ఊపిరి ఆడించే కండరం డయాఫ్రమ్‌ను కదిలించేది అదే, అది దెబ్బతింటే ఊపిరి కష్టం. అందుకే రోబోతో మొదలుపెట్టి మధ్యలో ఓపెన్‌కు మారాల్సి రావచ్చు, అది ఓటమి కాదు, ప్రాణం కోసం చేసే పని. దానికీ ముందే సిద్ధపడండి.

ఒంగోలు వాసి:
మా బావమరిదికి చేయించాం, ఆయనది వేరే రకం గడ్డ. నా మాట ఒక్కటే, మిషన్ పేరు చూసి వెళ్లకండి, ఒకసారి కోసిన ఛాతీలో రోబోతో ఎన్ని చేశారని సర్జన్నే మొహమాటం లేకుండా అడగండి. రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు, సీటీ సీడీ, పాత ఆపరేషన్ నోట్సు, బయాప్సీ బ్లాకులు (తీసిన గడ్డ ముక్కలు మైనంలో దాచినవి) కూడా పట్టుకెళ్లండి. ఓపెన్‌కు మారితే ఖర్చెంత, ఐసీయూ అందులోనే కలిసుందా, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందా, ఇవన్నీ రాయించుకోండి.

నెల్లూరు ఓటీ నర్సు:
ఇంకో మాట. సాయంత్రానికి రెప్పలు వాలిపోవడం, మింగేటప్పుడు ఇబ్బంది ఉన్నాయా?

కావలి నుంచి:
అవునక్కా, పొద్దున బాగానే ఉంటుంది, పొద్దుగూకేసరికి ఎడమ కన్ను సగం మూసుకుపోతుంది. నీరసమేమో అనుకున్నాం.

నెల్లూరు ఓటీ నర్సు:
అయితే ముందు న్యూరాలజీలో చూపించమ్మా. థైమోమా ఉన్నవాళ్లలో చాలామందికి మయస్థీనియా, అంటే కండరాలు త్వరగా అలసి బలం తగ్గిపోయే జబ్బు ఉంటుంది. అది తెలియకుండా మత్తు ఇస్తే ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ తీయడం కష్టమవుతుంది. రక్తపరీక్ష చేసి మందులు సర్దాకే ఆపరేషన్ తేదీ పెట్టించుకో, మత్తు డాక్టరుకు నువ్వే నోరు తెరిచి చెప్పు.