పేజీలు ముందే తుడిచి పెట్టుకోవాలా, అడిగినప్పుడే తుడవాలా?

రాత్రి_డ్యూటీ:
ఆఫీసులో మా జావా సర్వీసు ఒకటి రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మొదట్లో కాసేపు రెస్పాన్స్ టైములు ఎగిరెగిరి పడతాయి. నిన్న రాత్రి పెర్ఫ్ టాప్ (సీపీయూ టైము ఏది తింటోందో చూపే టూల్) పెట్టి చూస్తే అన్నిటికన్నా పైన క్లియర్_పేజ్_ఈఆర్‌ఎంఎస్ కూర్చుని ఉంది, అంటే మెమరీ పేజీని సున్నాలతో తుడిచే లినక్స్ కెర్నల్ ఫంక్షన్. హీప్, అంటే జావా తన డేటా పెట్టుకునే మెమరీ, 64 జీబీ. కెర్నల్ మెమరీని పేజీలనే ముక్కలుగా ఇస్తుంది, ఒక్కోటి 4 కేబీ లెక్కన కోటీ అరవై ఏడు లక్షల పేజీలు. ఒక్కోదాన్ని మొదటిసారి రాసినప్పుడు పేజ్ ఫాల్ట్ (పేజీ ఇంకా చేతికి రాలేదని సీపీయూ కెర్నల్‌ని పిలవడం), కెర్నల్ దాన్ని సున్నాలతో నింపి ఇవ్వడం. ఎందుకు నింపుతుందో తెలుసు, ఇంకొకడు వదిలేసిన డేటా నా చేతికి రాకూడదు. నా గొడవ అది కాదు. సీపీయూలు ఖాళీగా ఉన్నప్పుడే తుడిచి పెట్టుకోవచ్చుగా? విండోస్‌లో అందుకోసమే ప్రయారిటీ 0తో జీరో పేజ్ థ్రెడ్ ఉంది. లినక్స్‌కేం రోగం?

పాత_చింతకాయ:
రోగం కాదు తమ్ముడూ, క్యాష్, అంటే సీపీయూ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ. 4096 బైట్లు అంటే 64 క్యాష్ లైన్లు (క్యాష్‌లోకి ఒకేసారి వచ్చే 64 బైట్ల ముక్కలు). తుడిచేటప్పుడు అవన్నీ క్యాష్‌లోకి వస్తాయి. ఫాల్ట్ కొట్టిందంటేనే ప్రాసెస్ ఆ పేజీ మీద ఇప్పుడే రాయబోతోందని అర్థం, దానికి లైన్లు వేడివేడిగా దొరుకుతాయి. నువ్వన్నట్టు గంట ముందే తుడిస్తే అవి ఎప్పుడో బయటికి పోయి ఉంటాయి, మళ్ళీ డీరామ్ (నెమ్మదైన మెయిన్ మెమరీ) దాకా వెళ్ళాలి. అరిటాకు వడ్డించే ముందు నీళ్ళు చల్లి తుడుస్తాం గానీ, పొద్దున్నే తుడిచి అటక మీద పెట్టం కదా. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు ఖాళీ టైములో తుడిచే పద్ధతిని చాలా ఏళ్ళు ఉంచుకుని, చివరికి పీకేశారు.

కడిగిన_పలక:
ఇద్దరూ స్పీడు గురించే కొట్టుకుంటున్నారు. నన్నడిగితే పేజీని వదిలేసినప్పుడే తుడవాలి. వదిలేసిన పేజీలో కీలు, పాస్‌వర్డులు ఎంతసేపు పడి ఉంటాయో ఎవరికి తెలుసు? 2019లో లినక్స్ 5.3 కెర్నల్‌తో అలా తుడిచే ఇనిట్_ఆన్_ఫ్రీ అనే సెట్టింగ్ వచ్చింది, ఆన్ చేసుకుంటే సరి.

పాత_చింతకాయ:
చేసుకోండి, కానీ బిల్లు చూసి చేసుకోండి. కెర్నల్ కాన్ఫిగ్‌లోనే రాసి ఉంది: ఇచ్చేటప్పుడు తుడిస్తే చాలా పనుల్లో వేగం తగ్గేది 1 శాతం లోపు, వదిలేటప్పుడు తుడిస్తే 3 నుంచి 5 శాతం. కృత్రిమ పరీక్షల్లో 7, 8 దాకా పోయాయి. తేడా ఎందుకంటే, వదిలేసే పేజీ అప్పటికే చల్లారిపోయి ఉంటుంది. ఎవరికీ అక్కర్లేని దాన్ని పనిగట్టుకుని క్యాష్‌లోకి లాగి మరీ తుడవడం.

రాత్రి_డ్యూటీ:
అన్నా, ఆకుల కబుర్లు 4 కేబీ వరకు బాగానే ఉన్నాయి. హ్యూజ్ పేజీ, అదే పెద్ద సైజు పేజీ, దాని సంగతేంటి? 2 ఎంబీ, అంటే 512 చిన్న పేజీలు ఒకే ఫాల్ట్‌లో తుడవాలి. ఎల్1, అంటే సీపీయూకి అన్నిటికన్నా దగ్గరి క్యాష్, చాలా సీపీయూల్లో 32 కేబీ. చివరి పేజీకి వచ్చేసరికి మొదటిది ఎక్కడుంటుంది? పైగా నా ప్రాసెస్‌కి కావాల్సిన పాత డేటాని కూడా అది బయటికి తోసేసింది.

పాత_చింతకాయ:
అక్కడ దొరికిపోయాను, ఒప్పుకుంటున్నా. అందుకే 4.14 కెర్నల్‌లో తుడిచే వరస మార్చారు. ఫాల్ట్ అయిన అడ్రస్ ఏ చిన్న పేజీలో ఉందో దాన్ని అన్నిటికన్నా చివర తుడుస్తారు, దాని ఇరుగుపొరుగుని అంతకు కాస్త ముందు. కనీసం అడిగిన ముక్కైనా వేడిగా ఉంటుందని. మిగతాదానికి నా దగ్గర జవాబు లేదు.

గుంటూరు_కారం:
జవాబు ఉంది, మూవ్‌ఎన్‌టీఐ. క్యాష్‌ని ముట్టుకోకుండా నేరుగా మెమరీకి రాసే ఇన్‌స్ట్రక్షన్. వర్చువల్ మెషీన్ కోసం 1 జీబీ పేజీ తుడిచేటప్పుడు అంతా క్యాష్‌లో ఉంచుకుని ఏం చేసుకుంటాం? అక్కడ ఇదే గెలుస్తుంది. 4 కేబీకి వాడితే మాత్రం, పేజీ అడిగినవాడు వెంటనే క్యాష్ మిస్ తింటాడు, అంటే డేటా క్యాష్‌లో దొరక్క మెమరీ దాకా పోవాలి. ఒకే ఫంక్షన్‌తో రెండింటికీ సరిపెట్టాలనుకోవడంలోనే ఉంది తంటా.

రాత్రి_డ్యూటీ:
అప్‌డేట్. జేవీఎంకి (జావాని నడిపే ప్రోగ్రాం) ఆల్వేస్‌ప్రీటచ్ అనే ఆప్షన్ పెట్టి చూశా. స్టార్టప్ టైము పెరిగింది, ఎందుకంటే హీప్ మొత్తం అప్పుడే ముట్టుకుని వస్తుంది. కానీ ట్రాఫిక్ మొదలయ్యాక రెస్పాన్స్ టైములు ఎగిరి పడట్లేదు. మా మేనేజరు ఖుషీ.

కడిగిన_పలక:
అంటే చివరికి ముందే తుడిపించుకున్నావన్నమాట.

రాత్రి_డ్యూటీ:
అవును. క్యాష్‌లో చల్లారిపోయిన పేజీలే, అయినా యూజర్‌కి హాయిగానే ఉంది. చింతకాయ అన్న ఏమంటాడో చూడాలి.

పాత_చింతకాయ:
క్యాష్ మిస్సుల లెక్క కూడా పెట్టు, అప్పుడంటాను.