కూచిపూడి నుంచి బాలేకి: పదహారేళ్ల అమ్మాయికి పాయింట్ షూస్ (వేళ్ల కొనలపై నిలబడి ఆడేందుకు వేసుకునే బూట్లు) ఎప్పుడు ఇవ్వాలి?

తిరుపతిలో మా దగ్గర కూచిపూడి నేర్చుకుంటున్న అమ్మాయి బాలే కంపెనీలో చేరాలని గట్టిగా పట్టుబట్టింది. ఆలస్యమే, కానీ దారి మూసుకుపోలేదు. మిస్టీ కోప్‌లాండ్ 13 ఏళ్లకు మొదలుపెట్టి 2015లో అమెరికన్ బాలే థియేటర్ ప్రిన్సిపల్ డాన్సర్ అయ్యారు.

అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) పుణ్యమా అని తొడల్లో బలముంది. చిక్కంతా టర్నవుట్ (కాళ్లను తుంటి నుంచి బయటికి తిప్పడం) దగ్గరే. బోర్లా పడుకోబెట్టి, మోకాలు మడిచి కొలిస్తే తుంటి 45 డిగ్రీలే బయటికి తిరుగుతోంది. మిగతాది పాదాలతో లాగేస్తోంది. దాంతో ప్లియేలో (మోకాళ్లు వంచి కిందికి దిగేటప్పుడు) మోకాలు రెండో వేలి మీదికి రాకుండా లోపలికి పోతోంది, పాదం వంపు నేలకు ఒరిగిపోతోంది. ప్రస్తుతం రెండు పాదాల మధ్య 90 డిగ్రీల దగ్గరే ఆపించాం. ఇంకా పెంచవచ్చా, లేక ఎముక అమరికే అంతా?

ఒంటికాలిపై మడమ లేపడం కుడివైపు 25 సార్లు బాగానే చేస్తుంది. ఎడమవైపు 14 దాటితే చీలమండ బయటికి వాలుతోంది. ఇది సరయ్యేదాకా పాయింట్ వద్దన్నాం. దీనికి రబ్బరు బ్యాండుతో ఏ కసరత్తు, వారానికెన్నిసార్లు?

మా హాల్లో గ్రానైట్ నేల. గెంతులు వేయిస్తే ముంగాలి ఎముక నొప్పి ఖాయం. ఫోమ్ ముక్కలపై 12 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు, పైన వినైల్ వేస్తే చాలా? ఫోమ్ ఎంత మందం ఉండాలి?

వారానికోసారి చెన్నై వెళ్లి నేర్చుకుంటే ఆడిషన్ వీడియో స్థాయికి వస్తుందా, అక్కడే ఉండిపోవాలా? అనుభవమున్నవాళ్లు దయచేసి చెప్పండి.