60 లీటర్ల చేపల ట్యాంకుకి స్పాంజ్ ఫిల్టర్ చాలా, హ్యాంగాన్ తప్పదా?

నీలిరెక్క:
ట్యాంకు 60×30×35 సెం.మీ. అంచు దాకా నింపను కాబట్టి నికరంగా 55 లీటర్ల నీళ్లు. వేయాల్సినవి 8 గప్పీలు, 6 కోరీలు (అడుగున తిరిగే చిన్న చేపలు). ట్యాంకు అంచుకి తగిలించే, గంటకి 300 లీటర్లు అని రాసున్న హ్యాంగాన్ ఫిల్టర్ కొనమని కొందరు, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ చాలని కొందరు అంటున్నారు. ఏది నిజం?

తేటనీరు:
స్పాంజ్ చాలండీ. ఫిల్టర్ అసలు పని చేపలు విడిచే విషపు అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకి చోటివ్వడం. ఇన్ని చేపలకి పెద్ద సైజు స్పాంజ్ ఒక్కటి ఆ చోటిస్తుంది. గప్పీ పిల్లలు లోపలికి లాగబడవు. స్పాంజ్ నిలువు గొట్టంలోకి గాలిని ఉత్త పైపుతో వదలకుండా చివర చిన్న ఎయిర్‌స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి) పెట్టండి. బుడగలు సన్నబడేకొద్దీ నీళ్లు ఎక్కువ లేస్తాయి, గుడగుడ చప్పుడూ తగ్గుతుంది.

అడుగుఇసుక:
అమ్మోనియా వరకు ఒప్పుకుంటాను. కానీ కోరీలు రోజంతా అడుగు తవ్వుతూనే ఉంటాయి. లేచిన నలుసుల్ని స్పాంజ్ ఒక మూల నుంచి లాగలేదు, హ్యాంగాన్ లాగుతుంది. పిల్లల భయమా? పీల్చే గొట్టానికి చిన్న స్పాంజ్ తొడుగు వేస్తే తీరిపోతుంది.

అయితే డబ్బా మీది 300ని నమ్మకండి. అది లోపల మీడియా (స్పాంజ్, రింగుల్లాంటి వడపోత సరుకు) లేకుండా చూసే లెక్క. ఫిల్టర్‌లోంచి నీళ్లు జారే పెదవి కింద లీటరు మగ్గు పట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 3600ని ఆ సెకన్లతో భాగిస్తే గంట లెక్క వస్తుంది. 20 సెకన్లు పడితే 180 లీటర్లే, అంటే ట్యాంకు నీళ్లు గంటకి మూడుసార్లు తిరుగుతున్నాయి. నా లెక్కలో నాలుగైనా ఉండాలి.

తేటనీరు:
ఆ నాలుగు మీద పట్టుదల ఎందుకు? చేపలు తక్కువుండి నీళ్ల పైపొర కదులుతుంటే మూడూ చాలు. పొడవు తోకల గప్పీలు ధారకి అలిసిపోతాయి కూడా. హ్యాంగాన్‌తో నాకున్న అసలు పేచీ కార్ట్రిడ్జ్ (దాని లోపల పెట్టే రెడీమేడ్ వడపోత ముక్క). నెలకోసారి మార్చమని రాస్తారు. మారిస్తే బ్యాక్టీరియాలో పెద్ద భాగం చెత్తబుట్టలోకి పోతుంది, నాలుగు రోజుల్లో నీళ్లు పాలలా తెల్లబడి అమ్మోనియా కనిపిస్తుంది.

అడుగుఇసుక:
ఇందులో మీతో గొడవే లేదు. కార్ట్రిడ్జ్ తీసేసి ఆ ఫిల్టర్ గదిలో నీళ్లు వచ్చే వైపు ముతక స్పాంజ్, తర్వాత సిరామిక్ రింగులు పెట్టాలి. రింగులు ముందుంటే మురికి పట్టి పూడుకుపోతాయి. స్పాంజ్‌ని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్ బ్యాక్టీరియాని చంపుతుంది. నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండితే చాలు, తళతళలాడక్కర్లేదు.

నీలిరెక్క:
కరెంటు పోతే?

తేటనీరు:
అక్కడ స్పాంజ్‌దే పైచేయి. అది ట్యాంకు నీళ్లలోనే ఉంటుంది, బ్యాటరీ ఎయిర్ పంపు తగిలిస్తే మళ్లీ నడుస్తుంది. హ్యాంగాన్ గదిలో నిలిచిపోయిన నీళ్లకి కొన్ని గంటల్లో ఆక్సిజన్ అయిపోతుంది. కానీ ఎయిర్ పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే గొట్టానికి చెక్ వాల్వ్ (ఒకవైపే పోనిచ్చే కవాటం) తప్పనిసరి. లేకపోతే గాలి ఆగగానే నీళ్లు గొట్టం గుండా వెనక్కి పంపులోకి దిగుతాయి. పంపు వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ట్యాంకు వైపు నుంచి ఊదితే ఆగాలి. తిరగేసి బిగిస్తే బుడగే రాదు.

అడుగుఇసుక:
హ్యాంగాన్ పెడితే నీటిమట్టం పడిపోనివ్వకండి. గదిలో నీళ్లు లేకుండా ఇంపెల్లర్ (నీళ్లని తోసే చిన్న రెక్కల చక్రం) తిరిగితే అరిగిపోతుంది. గరగర వినిపిస్తే ప్లగ్ తీసి ఇంపెల్లర్ బయటికి లాగి చూడండి, చాలాసార్లు ఒక్క ఇసుక రేణువే కారణం. ఈ ట్యాంకుకి నా ఓటు ఇప్పటికీ హ్యాంగాన్‌కే.

తేటనీరు:
నాది స్పాంజ్‌కే. ఏది పెట్టినా చేపల్ని ఆగి వేయండి. ఫిల్టర్ నడిపిస్తూ కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తుంటే బ్యాక్టీరియా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. వేసిన అమ్మోనియా 24 గంటల్లో పోయి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే మొదట గప్పీలు, రెండు వారాలాగి కోరీలు.