అప్‌డేట్: స్టాల్ భయంతో ఫ్లయింగ్ మానేయాలా అని అడిగింది నేనే

రాయగడ నుంచి నేనే. ప్రైవేట్ పైలట్ ట్రైనింగ్‌లో స్టాల్ (రెక్కలకి లిఫ్ట్ పోయి విమానం కిందకి జారడం) ప్రాక్టీస్ అంటే చాలు వేళ్ళు తిమ్మిరెక్కి కళ్ళు తిరుగుతున్నాయి, మానేయాలా అని అడిగాను కదా. మానలేదు, సోలో (ఒక్కడినే ఎగరడం) కూడా అయిపోయింది (అమ్మ మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది, క్రెడిట్ మొత్తం అక్కడికే పోయింది).

తిమ్మిరి గుండె జబ్బేమో అనుకున్నా గానీ డాక్టర్ గారు చూసి, టెన్షన్‌లో గబగబా ఊపిరి తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి అలా అవుతాది అన్నారు. ఇప్పుడు ఇన్‌స్ట్రక్టర్ సార్ చెప్పినట్టు చేసే ప్రతి పనీ పైకే అంటాను, "ముక్కు కిందకి, ఫుల్ పవర్, రెక్కలు లెవెల్" అని, నోరు మాట్లాడుతుంటే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తాది, ఇంతకు మించి ట్రిక్ ఏం లేదు. యోక్ (విమానం స్టీరింగ్) కూడా బిగించకుండా రెండు వేళ్ళతోనే పట్టుకుంటున్నా.

ఎండాకాలం ఎండెక్కితే వచ్చే కుదుపులు తప్పించుకోడానికి పొద్దున్నే ఫ్లయింగ్ స్లాట్ అడుక్కుంటున్నా.

క్రాస్‌విండ్ (రన్‌వేకి అడ్డంగా వీచే గాలి) భయం మాత్రం అలాగే ఉంది. సెస్నా 172ఎస్ విమానం బుక్‌లో 15 నాట్లు అని ఉంటాది, కానీ నా లిమిట్ 7 అని సార్‌తో కూర్చుని రాసి పెట్టుకున్నాం. నా పాత పోస్టు కింద "గాలి చూసి వెనక్కి తగ్గకు తమ్ముడూ" అని రాసిన అన్నయ్యా, ఏమనుకోకండి, ఆ ఒక్క సలహా పక్కన పెట్టేశా. నిద్ర చాలకపోయినా, ఇంట్లో గొడవైనా కూడా ఆ రోజు ఎగరను.

తర్వాత సోలో క్రాస్ కంట్రీ (ఒక్కడినే దూరంగా వేరే ఎయిర్‌పోర్ట్‌కి ఎగరడం) ఉంది, దారి తప్పుతానేమో అని ఇప్పట్నుంచే గుబులు, మీలో ఎవరికైనా అలా ఉండేదా?