పరదేశీ బేరగాళ్ల కోసం పెరిగిన బందరు కలంకారీని మన కళ అనవచ్చునా?

ప్రశ్న వేసినవారు:
శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణ ఘట్టాలను చూస్తే, అది మన గుళ్లను, మన కథలను ఆశ్రయించి పెరిగిన కళ అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. బందరు అద్దకం సంగతి వేరు. అందులోని సైప్రస్ చెట్లు, పూలతీగలు, తోరణాలు కుతుబ్ షాహీల కాలంలో పర్షియా వర్తకుల అభిరుచిని బట్టి వచ్చినవి. ఆ తరువాత డచ్చివారు, ఇంగ్లీషువారు తమకు నచ్చిన నమూనాలు పంపి గుడ్డలు వేయించుకున్నారు. అడిగినవారికి అడిగింది చేసి ఇవ్వడం పనితనమే గాని, దాన్ని ఒక ప్రాంతపు కళ అనడం ఎలా?

మొదటి సమాధానం:
బొమ్మ ఎవరిదో తేలగానే కళ ఎవరిదో తేలిపోయిందనుకోవడం సరికాదు. 17వ శతాబ్దంలో ఐరోపావారు ఈ గుడ్డల కోసం ఎగబడడానికి ఒక ముఖ్య కారణం, నూలుగుడ్డ మీద ఉతికినా వెలవని ఎరుపును నిలపడం వారికి అప్పటికి చేతకాకపోవడమే. పని జరిగే తీరు చూడండి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుపతుక్కును బెల్లంతో ఊరబెట్టిన నీటితో టేకు అచ్చు వేస్తే నలుపు వస్తుంది. పటిక నీటితో అచ్చు వేసినచోట మాత్రం అప్పటికి ఎరుపు జాడే ఉండదు. పారే నీటిలో జాడించి, రాగి కాగులో చిరివేరుతో (ఎరుపు రంగునిచ్చే ఒక మొక్క వేరు) ఉడికించినప్పుడే, పటిక తగిలినంత మేర ఎరుపు తేలుతుంది. ఈ విద్య పర్షియా నమూనాతో వచ్చింది కాదు. 1742లో కేర్దూ అనే జెస్యూట్ ఫాదరీ కోరమాండల్ తీరపు రంగుల పద్ధతిని అడిగి తెలుసుకుని ఫ్రాన్సుకు ఉత్తరం రాశాడంటే, వారికి కొరవడింది బొమ్మలు కావు. అంతకు ముందే 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఇటువంటి గుడ్డల దిగుమతిని నిషేధించాయి.

ప్రశ్న వేసినవారు:
అయితే రంగు వేసే విద్యే కళ అన్నమాట. ఆ లెక్కన చిరివేరు మానేసి అలిజరిన్ అనే రసాయన రంగు పొడి వాడిననాడే బందరు కలంకారీ ముగిసిపోయిందని ఒప్పుకోవాలి కదా?

రెండవ సమాధానం:
ఒప్పుకోనక్కరలేదు. చిరివేరులో ఎరుపునిచ్చే ముఖ్య పదార్థం అలిజరినే. 1868లో జర్మనీ రసాయనవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. వేరు పోయి పొడి వచ్చినా కరక్కాయ, పటిక, కాగు, కాలవ నీరు ఉన్నచోటనే ఉన్నాయి. వేరుతో వచ్చే ఛాయలో ఉన్న అందం వేరని ఎవరైనా అంటే నేనూ కాదనను. నా అభ్యంతరమల్లా స్క్రీన్ మీదుగా పిగ్మెంటు రంగు రుద్దిన గుడ్డను కలంకారీ పేరుతో, అదీ సగం ధరకు, అమ్మడం మీదే. దానికి పటికా అక్కరలేదు, ఉడకబెట్టడమూ అక్కరలేదు. బొమ్మను బట్టి తీర్పు చెప్పేవారికి ఆ చీరకూ బందరు దగ్గరి పెడనలో అచ్చు వేసిన చీరకూ తేడా కనిపించదు; ఆ అద్దకందారుకు బేరం పోయేది అక్కడే.