ఈస్ట్‌ఎండర్స్ పాత ఎపిసోడ్లు: వరుసగా చూడాలా, దాటేస్తూ చూడాలా?

ఇల్ఫర్డ్_అమ్మమ్మ:
తొంభైల్లో యూకే గోల్డ్ ఛానెల్ వాళ్ళు బీబీసీ సీరియల్ ఈస్ట్‌ఎండర్స్ పాత ఎపిసోడ్లు మళ్ళీ వేసినప్పుడు మావారు టేపులకెక్కించి పెట్టారు. ఆయన పోయాక అవి అటక మీదే ఉండిపోయాయి. మొన్న మా అబ్బాయి వాటిని కంప్యూటర్లోకి మార్చి ఇచ్చాడు. ప్రతి టేపు మీదా ఆయన చేతిరాత, తెలుగులోనే: "ఈస్టు 14, ఎవరూ ముట్టుకోవద్దు". ముట్టుకుని పైన క్రికెట్ రికార్డు చేసింది కూడా ఆయనే. పాలీన్ లాండ్రీలో బట్టలు మడతపెడుతూ ఉంటే ఉన్నట్టుండి లార్డ్స్ మైదానం వచ్చేస్తుంది.

రోజుకి రెండు చొప్పున వరుసగా చూస్తున్నాను. మా కోడలేమో "అత్తయ్యా, ఇవన్నీ దాటేసి పబ్బు నడిపే డెన్ పెళ్ళాం ఆంజీకి విడాకుల కాగితాలిచ్చే క్రిస్మస్‌కి వెళ్ళిపోదాం" అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. ఆరు నెలల్లో చచ్చిపోతానని ఆంజీ మొగుడికి అబద్ధం చెప్పడం, వెనిస్ నుంచి రైల్లో తిరిగొస్తూ బారు దగ్గర ఆ నిజం వాగెయ్యడం, డెన్ చాటుగా వినేసి ఏమీ ఎరగనట్టు పండగ దాకా కడుపులో దాచుకోవడం, ఇవన్నీ చూడకుండా ఆ కాగితాలు చూస్తే ఏముంటుంది? 1986 క్రిస్మస్ రాత్రి మూడు కోట్ల మంది కూర్చుని చూశారు. వాళ్ళెవరూ మధ్యలో దాటేసి రాలేదు.

దాటేస్తూ చూసేవాళ్ళు అసలెందుకు చూస్తారో కాస్త చెప్పండి.

లెక్కల_మాష్టారు:
మూడు కోట్లు కాదమ్మా. 3.015 కోట్లు అని రికార్డుల్లో ఉంటుంది. అదీ ఒక్క రాత్రి లెక్క కాదు. వారంలో వచ్చిన ఎపిసోడ్లు కలిపి ఆదివారం ఓమ్నిబస్‌గా మళ్ళీ వేసేవారు కదా, ఆ చూసినవాళ్ళని కూడా కలిపేవారు. ఒకే మనిషి రెండుసార్లు చూస్తే ఇద్దరి కింద లెక్క.

మిరపబజ్జీ:
హైదరాబాద్ నుంచి అడుగుతున్నా. ఇది అత్తాకోడళ్ళ సీరియలేనా?

క్వీన్‌విక్_ఖాతాదారు:
కాదు తమ్ముడూ. తూర్పు లండన్లో వాల్‌ఫర్డ్ అని లేని ఊరొకటి. అందులో ఆల్బర్ట్ స్క్వేర్, ఒక మూల క్వీన్ విక్ అనే పబ్బు, ఒక లాండ్రీ, ఒక సంత. 1985 ఫిబ్రవరి 19న మొదలైంది, బీబీసీలో ఇంకా నడుస్తోంది. షూటింగంతా లండన్ బయట ఎల్‌స్ట్రీలో వేసిన సెట్టులో. మొదటి సీన్లోనే ముగ్గురు మగాళ్ళు తలుపు పగలగొట్టి లోపలికెళ్తే ముసలాయన కుర్చీలో చావుబతుకుల్లో ఉంటాడు. పెళ్ళిపందిరి ఉండదు, పట్టుచీరలుండవు.

అమ్మమ్మగారూ, నా ఓటు మీకే. అప్పుడు వారానికి రెండే: మంగళవారం, గురువారం. 1994లో మూడయ్యాయి, 2001లో నాలుగయ్యాయి. అప్పట్నుంచీ నీళ్ళు కలపడం మొదలు. పాతవాటిలో దాటెయ్యడానికి ఏముంది? పాలీన్ మొగుడు ఆర్థర్ సంగతే చూడండి. ఉద్యోగం లేదు, కూతురు మిషెల్ పెళ్ళి ఖర్చు నెత్తిమీద ఉంది, ఊళ్ళోవాళ్ళు పండక్కి దాచుకున్న క్రిస్మస్ క్లబ్బు డబ్బు చేతిలో ఉంది. మన చీటీ డబ్బు లాంటిదే. వాడేశాడు. తీరా కూతురు చర్చి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. అక్కణ్ణుంచి మనిషి మతి చెదిరే దాకా మెల్లమెల్లగా చూపించారు. ఇది ముక్కలుగా చూస్తే తెలీదు.

డాక్టరుగారి_రెండోది:
నేను దాటేస్తాను. సిగ్గేమీ లేదు. సయీద్, నైమా దంపతుల కిరాణా కొట్టు సీన్లు ఎప్పుడొచ్చినా రిమోట్ నొక్కుతాను.

ఇల్ఫర్డ్_అమ్మమ్మ:
అదేంటి తల్లీ! నైమా లేకపోతే మొదటి రెండేళ్ళలో నాకు చూడడానికే ఏముంది? పెద్దలు కుదిర్చిన పెళ్ళి, ఆ సయీద్ పనికిమాలినవాడు, ఆడవాళ్ళకి ఫోన్లు చేసి చెత్త వాగేవాడు. వాడు పోయాక ఆ పిల్ల కొట్టు ఒక్కతే నడిపింది. నువ్వు దాటేస్తున్నది అసలు కథనే.

డాక్టరుగారి_రెండోది:
ఆంటీ, "తల్లీ" వద్దు. నాకు నలభైతొమ్మిది.

ఆ సీరియల్లో మనలాంటి మొహం ఎక్కడ కనబడినా మూల మీద కొట్టే. మొదట జెఫ్రీలు, అంటే సయీద్, నైమాలే, తర్వాత అష్రఫ్ కరీం, అదే కొట్టు. సంజయ్, గీత వస్తే సంతలో బట్టల దుకాణం. 2003లో ఫెరేరాలు వచ్చారు, ఇంటిపేరేమో గోవా క్రైస్తవులది, పిల్లలేమో ఆది, రోనీ, యాష్, కరీనా. రాసినవాళ్ళకి ఎవరు ఎవరో కూడా పట్టలేదు.

రెడింగ్_రవి:
ఫెరేరాల నాన్న వేషం మన హిందీ సినిమాల దలీప్ తాహిల్‌ది కదా. వర్క్ పర్మిట్ గొడవలో ఆయన వెళ్ళిపోతే కథలోంచి నాన్నే మాయం 😂

లెక్కల_మాష్టారు:
విషయం పక్కదారి పడుతోంది. ఓమ్నిబస్ కలిపారా లేదా అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

క్వీన్‌విక్_ఖాతాదారు:
మాష్టారూ, కలిపారనే అనుకుందాం. అయినా అప్పటి దేశ జనాభా ఐదున్నర కోట్ల పైచిలుకు. ఇప్పుడు ఏ సీరియల్‌కి అందులో సగం వస్తారు?

లెక్కల_మాష్టారు:
"అనుకుందాం" అంటే ఒప్పుకున్నట్టు కాదు.

క్వీన్‌విక్_ఖాతాదారు:
@రెండోది, మీరన్నదీ పూర్తిగా నిజం కాదు. 2007లో మసూద్ కుటుంబం వచ్చింది. ఆయన పోస్టుమ్యాన్, ఆవిడ జైనబ్. కొడుకు సయ్యద్‌కి మగవాడితో ప్రేమ, ఇంట్లో దానికి జరిగిన రాద్ధాంతం, అంత ధైర్యంగా ఎవరు తీశారు? ఈ సీరియల్‌కి అది కొత్త కూడా కాదు. 1987లోనే కోలిన్, బ్యారీ అనే ఇద్దరు మగవాళ్ళ జంటని చూపించి పత్రికలతో తిట్లు తింది. 1991లో ఆర్థర్ కొడుకు మార్క్ ఫౌలర్‌కి హెచ్‌ఐవీ అని చెప్పించింది.

డాక్టరుగారి_రెండోది:
మసూద్‌ల గురించి నేను మాట్లాడలేదు. పాతవి తిరిగి చూడడం గురించి అడిగారు, పాతవాటి గురించే చెప్పాను. 2007లో బాగుపడితే 1985లో తొమ్మిదేళ్ళ పిల్లకి ఒరిగిందేమిటి?

ఇల్ఫర్డ్_అమ్మమ్మ:
నాకు ఇంగ్లీషు నేర్పింది ఆ సీరియలే. పెళ్ళై 1984లో వచ్చాను. యార్క్‌షైర్‌లో ఒక ఆస్పత్రి క్వార్టర్స్. ఆయన రాత్రింబవళ్ళు డ్యూటీ. కిటికీలోంచి కార్ పార్కు తప్ప ఇంకేం కనబడేది కాదు. వారానికి రెండు రోజులు ఆ అరగంట నాతో ఎవరో మాట్లాడుతున్నట్టుండేది. డాట్ లాండ్రీలో నిలబడి ఒంట్లో బాగోలేదని సణుగుతుంటే మా పెద్దమ్మే గుర్తొచ్చేది. దాన్ని పట్టుకుని పరువు తీసింది అంటే నాకు బాధగా ఉంటుంది. అందరూ అన్నిట్లోనూ తప్పులు వెతుకుతున్నారు ఈ మధ్య.

డాక్టరుగారి_రెండోది:
వెతకలేదండీ. అదే వెతుక్కుంటూ వచ్చింది.

మాదీ యార్క్‌షైరే. స్కూల్లో మా క్లాసులో నల్లగా ఉన్నవాళ్ళం ఇద్దరం. బుధవారం, శుక్రవారం పొద్దున్నే లైన్లో నిలబడితే వెనకాల పిల్లలు రాత్రి చూసిన సీరియల్ యాసలో మొదలుపెట్టేవాళ్ళు: "మీ నాన్న కొట్టు ఎన్నింటికి మూస్తాడు?" మా నాన్న అక్కడ ఆస్పత్రిలో ఎముకల డాక్టర్. వాళ్ళ అమ్మమ్మల తుంటి ఎముకలు అతికించేది ఆయనే. మీరు ఇంట్లో కూర్చుని చూశారు. మేం మర్నాడు బడికెళ్ళాం.

మిరపబజ్జీ:
అయ్యో.

ఇల్ఫర్డ్_అమ్మమ్మ:
ఇంట్లో కూర్చోవడం నా సరదా అనుకున్నావా?

నేను బీకాం ఫస్ట్ క్లాసు. మా వీధి చివర ఒక కొట్టుండేది, అద్దం మీద "మనిషి కావలెను" అని కాగితం అంటించారు. మావారిని అడిగాను. "డాక్టరు పెళ్ళాం కొట్లో నిలబడితే ఏం బాగుంటుంది, నలుగురూ ఏమనుకుంటారు" అన్నారు. మూడు వారాలు ఆ కాగితం అలాగే ఉంది. రోజూ పాలకోసం వెళ్ళి చూసేదాన్ని. తర్వాత తీసేశారు. నైమా గల్లాపెట్టె దగ్గర నిలబడి చిల్లర లెక్కపెడుతుంటే నాకు ఎలా ఉండేదో నీకు తెలీదు. నువ్వు రిమోట్ నొక్కేది ఆ సీన్లకే.

రెడింగ్_రవి:
ఆవిడ బాధ వేరు, ఈవిడ బాధ వేరు. ఎవరూ ఎవరి మాటా వినట్లేదు. నేను టీ పెట్టుకొస్తా.

డాక్టరుగారి_రెండోది:
ఆంటీ, చదివాను. రెండుసార్లు చదివాను.

మీవారు అన్న మాటే మా ఇంట్లోనూ అనేవారు. కొట్టంటే చిన్నతనం. అందుకే వాళ్ళు ఏడిపిస్తే నేను ఏమనేదాన్నో తెలుసా? "మాకు కొట్టేంటి, ఛీ, మా నాన్న డాక్టర్" అని గట్టిగా అరిచేదాన్ని. ఇందాక ఇద్దరం అన్నాను కదా. రెండో పిల్ల గుజరాతీ. వాళ్ళకి నిజంగానే కొట్టుంది. నా పక్కనే లైన్లో నిలబడి వినేది. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. తెల్లపిల్లలు అన్నది నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాను. నేనన్నది ఇవాళే చెబుతున్నాను.

ఆ కొట్టు సీన్లు ఎందుకు దాటేస్తానో ఇప్పుడు తెలిసిందా?

క్వీన్‌విక్_ఖాతాదారు:
...

ఇల్ఫర్డ్_అమ్మమ్మ:
ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?

డాక్టరుగారి_రెండోది:
తెలీదు. వెతకలేదు.

ఇల్ఫర్డ్_అమ్మమ్మ:
సరే. నేను మాత్రం దాటెయ్యను. ఇవాళ పదో టేపు. నైమా ఉంది, మధ్యలో లార్డ్స్ కూడా ఉంది.

మిరపబజ్జీ:
మొదటి ఎపిసోడ్ దొరికింది, చూశా. ఆ యాస ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తలుపు మాత్రం బాగా పగలగొట్టారు.

లెక్కల_మాష్టారు:
ఓమ్నిబస్ సంగతి ఎవరైనా తేలుస్తారా, లేక నేనే వేరే చర్చ మొదలుపెట్టనా?