సరుకు డబ్బు ఇచ్చారు, పన్ను డబ్బు ఆపేశారు – తప్పు ఎవరిది?

పీచు వ్యాపారి:
సాయంత్రం ఆరు గంటల నుంచి జీఎస్టీ పోర్టల్ ముందే కూర్చున్నాను. అమలాపురం దగ్గర కొబ్బరి పీచు పట్టాలు నేయించి విజయవాడలోని ఒక టోకు వర్తకునికి పంపుతున్నాను. ఏప్రిల్‌లో ఇచ్చిన నాలుగు బిల్లులకు సరుకు విలువ చెల్లించి, "మీ బిల్లులు మా 2బీలో (కొన్నవారికి పోర్టల్ చూపే కొనుగోలు బిల్లుల జాబితాలో) కనిపించడం లేదు" అంటూ పన్ను భాగాన్ని ఆయన ఆపేశారు. నేను ఒక్క రిటర్నూ ఆలస్యం చేయలేదు, ఏప్రిల్ చలానా కూడా కట్టాను. వారంలో జీతాలు ఇవ్వాలి.

విశ్రాంత గుమస్తా:
సరుకు బాగుంటే చాలనుకొనే యువ వ్యాపారులకు పరిపాలనా నైపుణ్యం ఎందుకో ఇలాంటప్పుడే తెలుస్తుంది. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, ఉందా? 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే.

మాటల పొదుపరి:
రిటర్ను నెలవారీయా, మూడు నెలలకోసారా?

పీచు వ్యాపారి:
అన్నీ సకాలంలో వేశానని చెప్పాను కదండీ.

మాటల పొదుపరి:
అది జవాబు కాదు.

తెలుగు పంతులు:
గుమస్తా గారూ, పరిపాలన జిల్లాకు, రాజ్యానికి. వ్యాపారానికి "నిర్వహణ" అనాలి.

విశ్రాంత గుమస్తా:
నిర్వహణ అంటే మనుషులతో పని చేయించడం. నేను చెబుతున్నది ఏ కాగితం ఎవరి పేరున, ఏ తేదీలోగా వెళ్లాలో తెలిసి ఉండటం గురించి.

ఖాతా పుస్తకం:
పొదుపరి గారి ప్రశ్నలోనే చిక్కుముడి ఉంది. ఏప్రిల్‌కు చలానా అన్నారే గాని రిటర్ను అనలేదు కనుక, మీరు ఐదు కోట్ల లోపు టర్నోవరు గలవారి త్రైమాసిక పద్ధతిలో ఉన్నట్టున్నారు. అందులో పన్ను నెలనెలా కట్టినా, బిల్లుల వివరాలు త్రైమాసికం ముగిశాకే జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్నులో వెళ్తాయి. అంతవరకు కొన్నవారికి ఆ పన్ను జమ దొరకదు, అంటే తాము కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకోలేరు. కాబట్టి 2022 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఆయన మాటలో అబద్ధం లేదు. మొదటి రెండు నెలల బిల్లులను మరుసటి నెల 1 నుంచి 13వ తేదీలోగా ఐఎఫ్ఎఫ్‌లో (బిల్లుల వివరాలు ముందే ఇచ్చే పోర్టల్ సదుపాయంలో) ఎక్కించవచ్చు. ఏప్రిల్ గడువు మే 13తో పోయింది కాని, ఆ నాలుగింటినీ మే నెల బిల్లులతో కలిపి జూన్ 13లోగా ఎక్కిస్తే 14న ఆయన 2బీలో కనిపిస్తాయి. నెలవారీకి మారదలిస్తే జులై-సెప్టెంబరు త్రైమాసికానికి ఆ వీలు జులై 31 వరకు ఉంటుంది.

పీచు వ్యాపారి:
త్రైమాసికమే. రిజిస్ట్రేషన్ చేయించినప్పుడు మా బావగారు ఎంచారట, నేను చూసుకోలేదు. జూన్ ఒకటినే ఎక్కిస్తాను. జీతాలకు మాత్రం చేబదులే గతి. ధన్యవాదాలు.

తెలుగు పంతులు:
గుమస్తా గారూ, "దస్త్ర నిర్వహణ" అంటే మీకు సమ్మతమేనా?